ఇంటి గ్రీన్‌హౌస్‌కి ముందు కప్పు తేల్చుకోండి, చట్రం సంగతి తర్వాత

ప్రశ్న ఇది: పెరట్లో 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవున చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకోవాలి. పీవీసీ పైపులు వంచి పాలిథీన్ కప్పితే సరిపోతుందా, జీఐ పైపుల (జింక్ పూత ఉన్న ఇనుప పైపుల) మీద పాలీకార్బొనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ షీట్లు వెయ్యాలా, లేక అల్యూమినియం చట్రంలో గాజు బిగించాలా?

వీటిని మూడు రెడీమేడ్ జతలుగా చూడొద్దు. కప్పు ఎంత బరువుంటుంది, ఎండకు ఎంత సాగుతుంది, ఎంతెంత దూరానికి ఆసరా అడుగుతుంది అన్నది తేలితే చట్రం దానంతటదే తేలుతుంది. ఇంట్లో పడి ఉన్న పైపుల్ని చూసి కప్పు ఎంచుకుంటే కథ అడ్డం తిరుగుతుంది. ఇంకో సంగతి, గ్రీన్‌హౌస్ పాడవడం షీటు నడిమధ్యలో మొదలవదు. షీటు చట్రాన్ని తాకే గీత వెంబడి, స్క్రూ చుట్టూ, పైపు మట్టిలోకి దిగే చోట మొదలవుతుంది. కింద చెప్పేదాంట్లో సగం ఆ చోట్ల గురించే.

అన్నిటికన్నా ముందు మీకు ఇబ్బంది చలితోనా, ఎండతోనా, వానతోనా అన్నది చూసుకోండి. ఎండే సమస్య అయితే నాలుగు వైపులా మూసిన పెట్టె కట్టుకోవడమంటే పొయ్యి కట్టుకోవడమే. అలాంటి చోట పైన వాన ఆపే కప్పు, పక్కలకు పురుగుల్ని ఆపే వల, అవసరమైన నెలల్లో పైన షేడ్‌నెట్ ఉంటే చాలు. షేడ్‌నెట్‌ని కప్పుకి పైన, 30 సెం.మీ. ఖాళీ వదిలి కట్టాలి. లోపల కట్టారంటే ఎండ ముందు లోపలికొచ్చి, ఆ తర్వాత వలని కాలుస్తుంది. మొక్కలకు నీడ దక్కుతుంది గానీ వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. సాధారణ కూరగాయలకు 35 శాతం నీడ చాలు. 75 శాతం వలలు నీడ మొక్కలకు. వాటి కింద టమాటా సాగిపోయి పీలగా తయారవుతుంది.

చలి సమస్య అయితే లెక్క మారుతుంది. ఒక చదరపు మీటరు కప్పు గుండా, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకెను యూ విలువ అంటారు. ఒంటి పొర గాజుకీ, ఒంటి పొర ఫిల్ముకీ అది సుమారు 6. రెండు గోడల (మధ్యలో ఖాళీ గొట్టాలుండే రెండు పొరల) పాలీకార్బొనేట్‌కి 4 మి.మీ. అయితే 3.9, 6 మి.మీ. అయితే 3.6, 10 మి.మీ. అయితే 3 దగ్గర. మీ కొలతకి, గోడలు 2 మీటర్లు, కొప్పు ఇంకో 80 సెం.మీ. ఎత్తు అనుకుంటే మొత్తం కప్పాల్సింది సుమారు 44 చదరపు మీటర్లు. లోపల బయటికన్నా 10 డిగ్రీలు వెచ్చగా ఉంచాలంటే ఒంటి పొర కింద 2,600 వాట్లు పైచిలుకు హీటరు రాత్రంతా ఆడాలి. 10 మి.మీ. షీటు కింద అందులో సగం చాలు. సందుల్లోంచి పోయే వేడి ఈ లెక్కలో లేదు. హీటరు పెట్టే ఉద్దేశం లేకపోతే ఈ తేడాని మరీ పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే వేడి పుట్టించే పరికరమే లేని చోట ఏ షీటైనా తెల్లవారేసరికి బయటి చలికి దగ్గరగానే వస్తుంది.

ఇక ఒక్కొక్కటిగా.

పాలిథీన్ ఫిల్ము. 200 మైక్రాన్ల (0.2 మి.మీ.), యూవీ స్టెబిలైజ్ చేసిన, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చెడకుండా మందు కలిపిన గ్రీన్‌హౌస్ ఫిల్మే కొనాలి. కాంక్రీటు మీద కప్పడానికి అమ్మే పారదర్శక పాలిథీన్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ, ఎండలో ఒక సీజన్ దాటదు. ముందు గాజు పెంకులా పెళుసెక్కుతుంది, తర్వాత ఓ గాలివానకి ముక్కలై పెరడంతా పరుచుకుంటుంది. అసలైన ఫిల్ము, సరిగ్గా బిగిస్తే, మూడు నాలుగేళ్లు ఆగుతుంది. కొనేటప్పుడు మూడు గుణాలు అడగండి. ఒకటి యాంటీ డ్రిప్, అంటే లోపలి తడి చుక్కలుగా మొక్కల మీద రాలకుండా పలచని పొరలా జారిపోయేది. ఈ గుణం ఉన్న ముఖం లోపలికి రావాలి, దాన్ని రోల్ మీద రాసి ఉంటారు. రెండోది డిఫ్యూజ్, వెలుగుని చెదరగొట్టేది. ఇది ఉంటే మధ్యాహ్నం ఆకులు మాడవు, కింది ఆకులకూ వెలుగు అందుతుంది. మూడోది ఇన్‌ఫ్రారెడ్ వేడిని ఆపేది. మామూలు పాలిథీన్ గుండా రాత్రి పూట వేడి ఆకాశంలోకి తేలిగ్గా వెళ్లిపోతుంది, మబ్బు లేని నిశ్చలమైన రాత్రుల్లో లోపల బయటికన్నా చల్లబడడం కూడా కద్దు.

రెండు గోడల మధ్య వరసగా గొట్టాలున్న పాలీకార్బొనేట్ షీటు, వాడుకలో ట్విన్‌వాల్. ఇంటి అవసరానికి ఎక్కువమందికి సరిపోయేది ఇదే, చెడగొట్టుకునేదీ ఎక్కువగా ఇదే. వెలుగు సుమారు 80 శాతం లోపలికొస్తుంది, గాజుతో పోలిస్తే పది శాతం తక్కువ. 6 మి.మీ. షీటు చదరపు మీటరుకి 1.3 కిలోలు. చేతికి తగిలితే పగలదు, పిల్లల బంతికీ భయం లేదు. యూవీ రక్షణ పొర సాధారణంగా ఒక్క ముఖం మీదే, సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది. ఆ ముఖం మీద అంటించిన రక్షణ ఫిల్ము మీద ముద్ర ఉంటుంది. ఫిల్ము ఊడదీశాక రెండు ముఖాలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఊడదీసే ముందే ప్రతి ముక్క మూలనా, కోసిన ముక్కల మీద కూడా, మార్కర్‌తో 'బయటికి' అని రాసుకోవాలి. తలకిందులుగా పెట్టిన షీటు రెండు మూడేళ్లకే పసుపెక్కి, వడగళ్లకు చిల్లులు పడుతుంది. నాసిరకం అంటగట్టారని అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం గానీ చాలాసార్లు తప్పు బిగింపులోనే ఉంటుంది.

షీటులోని గొట్టాలు ఎప్పుడూ వాలు వెంబడి, కొప్పు నుంచి చూరు వైపు ఉండాలి. అడ్డంగా పెడితే లోపల చేరిన తడి బయటికి పోయే దారి ఉండదు. పై అంచుకి గట్టి అల్యూమినియం టేపు వెయ్యాలి. కింది అంచుకి వెయ్యాల్సింది గాలి ఆడే టేపు, దుమ్మూ పురుగులూ పోకుండా ఆవిరి మాత్రం వదిలేది. మామూలు ప్యాకింగ్ టేపు ఎండకు ఆర్నెల్లలో వదిలేస్తుంది, ఆపైన గొట్టాల్లో పచ్చటి నాచు గీతలు మొదలవుతాయి. లోపల పెరిగిన నాచుని కడగడానికి దారి లేదు. టేపు మీద యూ ఆకారపు అంచు పట్టీ తొడిగి, కింది పట్టీకి అడుగున అక్కడక్కడ చిన్న బెజ్జాలు పెట్టండి.

సాగుడు సంగతి చాలామంది మరిచిపోతారు. పాలీకార్బొనేట్ ప్రతి మీటరుకీ ప్రతి డిగ్రీకీ 0.065 మి.మీ. సాగుతుంది. 2.1 మీటర్ల షీటు తెల్లవారుజాముకీ నడిమధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా చూస్తే 5.5 మి.మీ. పెరుగుతుంది. ఉక్కు ఆ దూరానికి 1 మి.మీ. కాస్త దాటుతుందంతే. షీటుకీ పైపుకీ మధ్య ఈ 4 మి.మీ. పైచిలుకు పేచీ రోజూ నడుస్తుంది. అందుకని బెజ్జం స్క్రూ మందం కన్నా 3 మి.మీ. పెద్దదిగా వెయ్యాలి, అంచు నుంచి 4 సెం.మీ. లోపలికి వెయ్యాలి, ఈపీడీఎం (ఎండకు తట్టుకునే రకం) రబ్బరు ఉన్న వెడల్పు వాషరు పెట్టాలి. రబ్బరు షీటుకి ఆనుకుని ఓ మోస్తరుగా నొక్కుకుంటే చాలు. వాషరు చుట్టూ షీటు గుంట పడిందంటే ఎక్కువ బిగించినట్టే, అక్కడి నుంచే సన్నటి పగుళ్లు నక్షత్రంలా బయల్దేరతాయి. మెత్తటి పీవీసీ గాస్కెట్లు వాడొద్దు, వాటిలోని నూనె లాంటి పదార్థం పాలీకార్బొనేట్‌ని పగుళ్లిచ్చేస్తుంది. సందులు మూసే సిలికాన్ పెట్టాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చే రకం కాకుండా న్యూట్రల్ రకం తీసుకోండి.

వంచి వెయ్యాలనుకుంటే షీటు మందానికి 175 రెట్లు వ్యాసార్థం కన్నా తక్కువ వంచకూడదు. 6 మి.మీ. షీటుకి అది 1.05 మీటర్లు, 10 మి.మీ. షీటుకి 1.75. అంటే మీ 3 మీటర్ల వెడల్పుని అర్ధవృత్తంగా కట్టాలంటే 6 మి.మీ. వంగుతుంది, 10 మి.మీ. వంగదు. వంపు కూడా గొట్టాల పొడవు వెంబడే.

గాజు. వెలుగు 90 శాతం వస్తుంది, పాతికేళ్ల తర్వాత కూడా అంతే వస్తుంది, గీతలు పడదు. కానీ బరువు. ప్రతి మి.మీ. మందానికి చదరపు మీటరుకి 2.5 కిలోల లెక్కన 4 మి.మీ. గాజు 10 కిలోలు. మీ కప్పు రెండు వాలులూ కలిపి సుమారు 13.6 చదరపు మీటర్లు. దానికి గాజైతే 136 కిలోలు, 6 మి.మీ. పాలీకార్బొనేటైతే 18 కిలోలు, 200 మైక్రాన్ల ఫిల్మైతే రెండున్నర కిలోలు. చట్రం సంగతి ఈ ఒక్క వరసే చెప్పేస్తుంది. తల మీద గాజు అంటే టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) తప్ప మామూలుది వద్దు. పగిలితే టఫెన్డ్ పలుకులుగా రాలుతుంది, మామూలుది కత్తుల్లా దిగుతుంది. అయితే టఫెన్ చేశాక గాజుని కోయడం కుదరదు. కాబట్టి చట్రం నిలబెట్టి, మూలమట్టం చూసి, ఒక్కో గడినీ రెండు మూలల నుంచీ కొలిచి, చుట్టూ 3 మి.మీ. ఖాళీ తగ్గించి అప్పుడు ఆర్డరివ్వాలి. ఎండ ఎక్కువున్న చోట తేట గాజు కింద ఆకులు మాడతాయి, వేసవిలో పైన సున్నం పూతో వలో తప్పదు. చల్లటి, మబ్బు ఎక్కువున్న ప్రాంతమైతే తప్ప గాజు జోలికి పోవడం నాకు నచ్చదు.

ఫైబర్‌గ్లాస్ రేకు గురించి కూడా కొందరు అడుగుతారు. కొత్తలో బాగుంటుంది. పై పూత అరిగాక నార బయటపడి, దానిలో దుమ్ము పట్టి వెలుగు చచ్చిపోతుంది. గోదాముకి పనికొస్తుంది, మొక్కలకు కాదు.

ఇప్పుడు చట్రం. ముందు గాలి లెక్క చూడండి, ఎందుకంటే తేలిక కప్పు వేసినవాళ్లకి భయం బరువుతో కాదు, ఎగిరిపోవడంతో. గాలి ఒత్తిడిని పాస్కల్స్‌లో చూడాలంటే సెకనుకి మీటర్లలో ఉన్న వేగాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణించాలి. గంటకి 108 కి.మీ. గాలి అంటే సెకనుకి 30 మీటర్లు, ఒత్తిడి 540 పాస్కల్స్, అంటే చదరపు మీటరుకి 55 కిలోలు. 12 చదరపు మీటర్ల నేల మీది కప్పుని అది పైకి లాగితే 660 కిలోలు. తలుపు తెరిచి ఉండి గాలి లోపలికి దూరితే ఇంకా పైన. ఆరు స్తంభాలకి ఆరు గుంతలు, ఒక్కోటి 30 × 30 సెం.మీ., 60 సెం.మీ. లోతు తీసి కాంక్రీటు పోస్తే ఒక్కో దిమ్మె 130 కిలోలు, మొత్తం 780. అందుకే ఆ కొలత. మిద్దె మీద కడితే గుంత తియ్యలేరు, శ్లాబుకి బెజ్జం వేస్తే కింద గదిలో వాన. అంత బరువూ చట్రం అడుగు పట్టీకి కట్టిన దిమ్మెలుగా పెట్టాలి, అదీ శ్లాబు మోస్తుందని ఇంజినీరు చూసి చెప్పాకే.

జీఐ పైపు ఎక్కువమందికి సరైన ఎంపిక. వాలు కప్పుకి 40 × 40 మి.మీ. చదరపు పైపు, గోడ మందం 2 మి.మీ. వంచిన కమాను మీద ఫిల్ముకైతే గుండ్రటి పైపు, బయటి వ్యాసం 33 మి.మీ.కి తగ్గకుండా, కమానులు మీటరు నుంచి 1.2 మీటర్ల దూరంలో. మందం చూపుతో తేలదు, తెగిన అంచుని కాలిపర్‌తో కొలవండి. 1.2 మి.మీ. పైపు కూడా వెండిలా మెరుస్తూనే ఉంటుంది. వీలైనంత వరకు బోల్టులు, క్లాంపులు. వెల్డింగ్ చేసిన చోట జింక్ కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. తప్పనిసరైతే ఆ చోట జింక్ పూతని ముందే గ్రైండ్ చేసి, గాలి ఆడే చోట వెల్డింగ్ చేసి, చల్లారాక రాచి, జింక్ శాతం ఎక్కువున్న పెయింటు రెండు పూతలు వెయ్యాలి. జింక్ పొగ పీల్చినవాళ్లకి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, ఆషామాషీ విషయం కాదు. పైపు పై నోళ్లకి మూతలు వెయ్యండి. వాన నీళ్లు లోపలికి దిగితే తుప్పు పైపుని లోపలి నుంచి తింటుంది, బయటికి తెలిసేనాటికి అడుగు ఊడుతుంది. కాంక్రీటు దిమ్మె పైభాగం పైపు చుట్టూ కొంచెం ఎత్తుగా, బయటికి వాలుగా తీర్చండి. అక్కడి నుంచి 15 సెం.మీ. పైదాకా బిటుమెన్ (తారు) పూయండి. నాలుగు మూలలా ఏటవాలు కడ్డీలు లేకపోతే ఎంత లావు పైపైనా చట్రం పక్కకి ఊగుతుంది.

అల్యూమినియం తుప్పు పట్టదు, గాజు పట్టే గాడులు అందులోనే ఉంటాయి. కానీ ఒకే కొలత ముక్క ఉక్కు కన్నా మూడు రెట్లు వంగుతుంది. స్టీలు లెక్కన సైజు కొంటే కప్పు కుంగుతుంది, గాజు చిట్లుతుంది. పచ్చి సిమెంటులో నేరుగా పాతొద్దు, సున్నపు గుణం అల్యూమినియంని తినేస్తుంది. రాగి కలిసిన మందు పెట్టిన కలపకి ఆనించొద్దు.

కలపకి అడుగు మట్టి తగలకుండా ఇనుప బూటు మీద నిలబెట్టడం, ఫిల్ము తగిలే ముఖాన్ని నునుపు చేసి తెల్ల రంగు వెయ్యడం, రెండూ ముఖ్యం. క్రియోసోట్ (తారు నుంచి తీసే కలప మందు) పూసిన దుంగలు మూసిన చోట వద్దు, ఆ ఆవిరికి ఆకులు మాడతాయి. వెదురు బొంగు చౌక, గాలికి వంగుతుంది, విరగదు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టకపోతే పిండి పురుగు తొలిచి రెండు మూడేళ్లలో పుచ్చిపోతుంది. కణుపులు చెక్కి, గోనె గుడ్డ చుట్టకపోతే ప్రతి కణుపూ ఫిల్ముని గీరుతుంది.

పీవీసీ పైపు మీద ఫిల్ము మాత్రం వద్దు. ఎండకి వేడెక్కి మెత్తబడి, కమాను వారాల్లో ఒక పక్కకి ఒరిగిపోతుంది, చల్లబడ్డాక వెనక్కి రాదు. అంతకన్నా పెద్ద సమస్య, పీవీసీలోని క్లోరిన్ పాలిథీన్‌లోని యూవీ స్టెబిలైజర్‌ని చంపుతుంది. ఫిల్ము మధ్యలో బాగానే ఉండగా పైపు వెంబడి ముందు పాలలా తెల్లటి గీత కనిపిస్తుంది, గోటితో నొక్కితే కరకరమంటుంది, ఆ తర్వాత ఓ రోజు జిప్పు తెరిచినట్టు కమాను పొడవునా చీలుతుంది. గంధకం మందులు చల్లినా స్టెబిలైజర్‌కి ఇదే గతి. ఇనుప పైపు మీద కూడా ఫిల్ము తాకే గీత ఎండకి బాగా కాలుతుంది కాబట్టి పైపు పై ముఖానికి తెల్ల పూత వెయ్యండి.

ఫిల్ముని మేకులతో, కడ్డీలకి కట్టిన తాళ్లతో కాదు, గాడి ఉన్న అల్యూమినియం పట్టీలో (ప్రొఫైల్) జిగ్‌జాగ్ స్ప్రింగ్‌తో పట్టించాలి. ప్రతి పక్కా 30 సెం.మీ. అదనంగా వదలండి. గాలి లేని, గోరువెచ్చటి పొద్దున బిగించండి. చలిలో బిగిస్తే మధ్యాహ్నానికి వదులై టపటపా కొట్టుకుంటుంది, ఫిల్ము చావుకి ఆ కొట్టుకోవడమే మొదటి కారణం.

మీ కొలతకి నా మాట ఇది. పొడవు 4 మీటర్లు కాకుండా 4.2 పెట్టుకోండి, ఎందుకంటే ట్విన్‌వాల్ షీటు వెడల్పు మామూలుగా 2.1 మీటర్లు. 70 సెం.మీ.కి ఒక వాసం చొప్పున ఏడు వాసాలు. చూరు పది సెం.మీ. బయటికి వస్తే ఒక్కో ముక్క పొడవు 1.8 మీటర్లు, ఒక్కో వాలుకి రెండు ముక్కలు, మొత్తం నాలుగు. షీట్ల మధ్య అతుకు పట్టీ మందం కలుపుకుని కొలత ఖరారు చేసుకోండి. షీట్లు ఇంటికొచ్చి, వాటిని కొలిచాకే పైపు కోయండి. కప్పు 6 మి.మీ., పక్కలు 40 మెష్ (అంగుళానికి 40 గళ్ల) వల, దాని బయట చుట్టి పైకి లేపే ఫిల్ము. చలి గట్టిగా ఉండి హీటరు పెడితే అన్ని వైపులా 10 మి.మీ. కొప్పు దగ్గర కిటికీ తప్పనిసరి, పక్కలూ కొప్పూ కలిపి తెరిచే వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం ఐదో వంతు, అంటే ఇక్కడ 2.5 చదరపు మీటర్లు. వల ఉన్న చోట గాలి బాగా తగ్గుతుంది కాబట్టి అక్కడ రెట్టింపు తెరవండి. కిటికీ కీలు వాసానికే రావాలి, షీటుకి కాదు, కాబట్టి చట్రం గీసేటప్పుడే దాని చోటు గుర్తు పెట్టాలి.

కడిగేటప్పుడు నీళ్లు, మెత్తటి సబ్బు, గుడ్డ, అంతే. అమోనియా ఉన్న గ్లాసు క్లీనర్లు పాలీకార్బొనేట్‌ని మసకేస్తాయి. మొదటి వేసవి గడిచాక ఓసారి నిచ్చెన వేసి స్క్రూలన్నీ చూడండి. వాషరు కింద రబ్బరు చేత్తో కాస్త తిరిగితే పర్లేదు, స్క్రూ తలే ఊగితే అర తిప్పు బిగించండి. షీటు బెజ్జం ఒక పక్కకి ఒరుసుకుని కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే ఆ వరస స్క్రూలు వదులు చేసి, బెజ్జాలు పెద్దవి చేసి, మళ్లీ పెట్టండి.